భూతాపమును లెక్కగట్టిన ఆవిరియంత్రముల యింజనీరు

అంగడిలో ధాన్యము కొలుచునపుడు కుంచముపై సందేహము కలిగినచో మార్గములు రెండు గలవు. కుంచము దొంగకుంచమని కేకలువేసి బేరము చెఱచుకొనుట యొకటి. ఆ కుంచమును మఱియొక కుంచముతో సరిచూచి, తప్పున్నచో నది యెంతటిదో, ఏ వైపునకు మొగ్గుచున్నదో తేల్చుకొని, లెక్కను దిద్దుకొనుట రెండవది. మొదటిదానివలన కలహము మిగులును. రెండవదానివలన వ్యవహారము తెగును.

భూమండలము వేడెక్కుచున్నదను మాట నేడు లోకమంతటను వినవచ్చుచున్నది. దానిని శంకించువారిలో ననేకులు ఉష్ణోగ్రతల లెక్కలనే వ్రేలుపెట్టి చూపుచున్నారు. నూఱేండ్లక్రిందట ఎవరో యెక్కడనో గాజుగొట్టములోని పాదరసమును చూచి వ్రాసియుంచిన యంకెలు నమ్మదగినవా? నాడు పొలముల నడుమ నుండిన ధర్మామీటరు చుట్టును నేడు మేడలు లేచియున్నచో, ఆ హెచ్చిన వేడిమి లోకముదా, ఊరిదా? ఈ ప్రశ్నలు న్యాయమైనవి. వీని నడుగువారిని మేము నిందింపము. కాని యివి నిన్న మొన్న పుట్టినవి కావు. 1938లోనే లండను నగరమందలి యొక పండితసభలో నివి లేచినవి. నాడు సమాధానము చెప్పుకొనవలసివచ్చినవారు వాతావరణశాఖలో నుద్యోగి గాని, ఆ శాస్త్రము బోధించు ఆచార్యులు గాని కారు, ఆవిరియంత్రముల యింజనీరు. ఆయన పేరు గై స్టూవర్టు క్యాలెండరు. లెక్కపై సందేహము కలిగినపుడు లెక్కతోడనే బదులు చెప్పవలెననుటకు ఆయన జీవితముకన్న మంచి నిదర్శనము మాకు కనబడుట లేదు.

క్యాలెండరుగారు 1898వ సంవత్సరము ఫిబ్రవరి మాసములో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున జన్మించిరి. తండ్రియైన హ్యూ లాంగ్‌బోర్న్ క్యాలెండరుగారు అప్పుడచ్చటి మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రాచార్యులు. వేడిమిని కొలుచు విద్యలో తండ్రిగారికి లోకప్రసిద్ధి గలదు. ప్లాటినపు తీగ వేడెక్కినకొలది విద్యుత్ప్రవాహమును ఎక్కువగా అడ్డగించును. ఆ యడ్డగింతను కొలిచి వేడిమి యెంతయో నిర్ణయించు సాధనమును నమ్మదగినదిగా తీర్చిదిద్దినవారాయనయే. పాదరసపు ధర్మామీటరు పనిచేయజాలని మండుకొలుముల వేడిమిని సైతము ఆ తీగ సరిగా చెప్పెడిది. అట్టి యింట పుట్టిన బాలుడు, కొలత యననేమో, కొలతలో తప్పు ఎట్లు చొఱబడునో, అక్షరములు నేర్చుకొను నాటినుండియే వినుచు పెరిగియుండునని యూహించుట కష్టము కాదు.

తండ్రికి లండనులో నుద్యోగమగుటచే కుటుంబమాంగ్లదేశమునకు తరలివచ్చెను. పసితనముననే యొక ప్రమాదమువలన గైగారి యెడమకంటి చూపు పోయినది. మొదటి ప్రపంచయుద్ధము వచ్చినపుడు ఈ కారణముచేత ఆయన రణరంగమునకు పోవ వీలుపడలేదు. తండ్రిగారి ప్రయోగశాలలో సహాయకులుగా నుండి విమానయంత్రముల పరీక్షలలో పాల్గొనిరి. యుద్ధానంతరము ఇంజనీరింగు కళాశాలలో చేరి 1922లో చదువు ముగించిరి. తరువాత తండ్రితో గూడ నీటియావిరి గుణములను పరిశీలించుపనిలో నిలిచిరి. విద్యుత్కేంద్రములలో ఆవిరియంత్రములను నిర్మించువారికి, ఎంత వేడిమివద్ద, ఎంత యొత్తిడివద్ద ఆవిరి యెట్లు ప్రవర్తించునో తెలుపు పట్టికలు ప్రాణము వంటివి. అందులో నొక యంకె తప్పినచో యంత్రమే దెబ్బతినును. 1930లో తండ్రి గతించిన పిదపను గైగారు ఆ పనిని సాగించిరి. ఆయన జీవనోపాధి యిదియే. వాతావరణమును గూర్చిన పరిశోధన తీరికవేళల పని. దానికొఱకు ఆయనకు జీతమిచ్చినవారు లేరు.

తీరికవేళల ఆయన చేపట్టిన ప్రశ్న యొకటి. నేలబొగ్గును, భూమినుండి తోడిన నూనెను మనుష్యులు కాల్చుటవలన పుట్టు బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించుచున్నదా? ఈ యూహ ఆయనకు పూర్వమే కలదు. సూర్యరశ్మిని లోనికి రానిచ్చి, భూమినుండి వెలువడు వేడిమిని మాత్రము అడ్డగించు గుణము కొన్ని వాయువులకు గలదని 1859 మొదలు జాన్ టిండాలుగారు ప్రయోగములచేత చూపిరి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు రెట్టింపైనచో భూమి అయిదాఱు డిగ్రీలు వేడెక్కునని 1896లో స్వీడనుదేశపు స్వాంటె అరీనియసుగారు లెక్కగట్టిరి. అయితే కొలదికాలములోనే ఆ వాదము వెనుకబడెను. ఈ వాయువు అడ్డగింపగలిగిన వేడిమినంతటిని ఇదివఱకే అడ్డగించినదనియు, మిగిలిన పని గాలిలోని నీటియావిరియే చేయుచున్నదనియు, అందుచే వాయువు హెచ్చినను ఫలితముండదనియు పండితులు తీర్మానించుకొనిరి. 1930 ప్రాంతమున ఆ వాదమును పట్టించుకొనువారే యరుదైరి.

క్యాలెండరుగారు రెండు లెక్కలను వేఱువేఱుగా పూనుకొనిరి. వాయువు హెచ్చినచో వేడిమి యెంత హెచ్చవలెనన్నది మొదటి లెక్క. వేడిమి నిజముగా హెచ్చినదా యన్నది రెండవది. మొదటిది సిద్ధాంతము, రెండవది సాక్ష్యము. సాక్ష్యము లేక సిద్ధాంతము నిలువదు గనుక, రెండవదానికై ఆయన పడిన శ్రమనే మేమిచ్చట విపులముగా చెప్పదలచితిమి.

ప్రపంచమునందలి వేధశాలల ఉష్ణోగ్రతలను, వర్షపాతమును, గాలియొత్తిడిని ఒకచోట కూర్చిన గొప్ప గ్రంథమొకటి 1927లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థవారు ప్రకటించిరి. 1934లో దానికి కొనసాగింపు వెలువడినది. అందలి యంకెలను సేకరించినవారిలో సర్ గిల్బర్టు వాకరు, జార్జి సింప్సను అను నిద్దఱు గలరు. వాకరుగారు 1904 మొదలు 1924 వఱకు భారతదేశపు వేధశాలలకు అధిపతి. సింప్సనుగారు 1906లో సిమ్లాలోని వాతావరణశాఖలో చేరి, నడుమ దక్షిణధ్రువయాత్రకు పోయివచ్చి, 1920లో లండను వాతావరణశాఖకు అధ్యక్షులైరి. సింప్సనుగారి పేరును చదువరులు గుర్తుంచుకొనవలెను; ఈ కథలో ఆయన మరల వత్తురు.

ఆ సంపుటములనుండియు ఇతరములైన పట్టికలనుండియు క్యాలెండరుగారు 147 స్థానముల లెక్కలను ఎన్నుకొనిరి. యంత్రగణకములు లేని కాలమది. ప్రతి కూడికయు, ప్రతి భాగహారమును చేతివ్రాతలోనే. ఒక స్థానపు వేడిమిని మఱియొక స్థానపు వేడిమితో నేరుగా పోల్చుట వ్యర్థమని ఆయన యెఱుగుదురు. కొండపైనున్న యూరు చల్లగా నుండును, లోయలోనిది వేడిగా నుండును. అందుండి తెలియునదేమియు లేదు. కావున ప్రతి స్థానమునకును దాని సొంత సగటును తీసి, ఒక్కొక్క సంవత్సరము ఆ సగటునుండి యెంత పైకి పోయినదో, ఎంత క్రిందికి దిగినదో మాత్రమే లెక్కించిరి. ఏటిలోని నీరెంతయని కాక, నిరుటికన్న పెరిగినదా తగ్గినదా యని గట్టుపై గీతలు గీచి చూచుట వంటిదిది. ధర్మామీటరు ఎల్లప్పుడును అరడిగ్రీ యెక్కువ చూపు దోషము గలదైనను, ఆ దోషము మారకున్నంతవఱకు హెచ్చుతగ్గుల లెక్క చెడదు.

ఇక మాఱెడి దోషములున్నవి. వానిలో మొదటిది ఊరి వేడిమి. పట్టణముల నడుమ రాత్రివేళ చుట్టుపట్ల పల్లెలకన్న వేడిగా నుండునని అప్పటికే అందఱకు తెలిసిన విషయము. అందుచేత వేధశాల చుట్టును ఇండ్లు పెరిగినచో లోకము వేడెక్కకున్నను పట్టిక వేడెక్కును. క్యాలెండరుగారు ఈ దోషమును దాచిపెట్టలేదు. తానే యెత్తి చూపి పరీక్షకు పెట్టిరి. తన స్థానములను మూడు తరగతులుగా విభజించిరి. సముద్రమధ్యమునందలి చిన్న దీవులును, కట్టడములు పెరుగని బయలుప్రదేశములును మొదటి తరగతి. అంతగా పెరుగని చిన్న యూళ్లు రెండవది. అరువది డెబ్బదియేండ్లలో నెంతయో విస్తరించిన మహానగరములు మూడవది. హెచ్చినది ఊరి వేడిమియే యైనచో మూడవ తరగతిలోనే హెచ్చు కనబడవలెను. మొదటి తరగతి దీవులలో కనబడరాదు. కాని మూడు తరగతులందును హెచ్చు ఇంచుమించు సమానముగానే కనబడెను. యాబదియేండ్లలో భూభాగములపై సుమారు 0.3 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి హెచ్చినదని ఆయన తేల్చిరి.

మొదటి లెక్క, అనగా వాయువు లెక్క, వేఱుగా నడిచినది. ఆ యాబదియేండ్లలో మనుష్యులు కాల్చిన బొగ్గు, నూనెలవలన 15,000 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరినదనియు, అందులో నాలుగింట మూడువంతులు గాలిలోనే నిలిచినదనియు ఆయన యంచనా. వాయువు రెట్టింపైనచో భూమి 2 డిగ్రీలు వేడెక్కునని ఆయన లెక్క. ఆ ప్రకారము వాయువువలన సంవత్సరమునకు 0.003 డిగ్రీలు హెచ్చవలెను; ధర్మామీటర్లు చూపిన హెచ్చు సంవత్సరమునకు 0.005 డిగ్రీలు. రెండు నంకెలును సరిగా కలియలేదు. వానిని కలుపుటకై ఆయన యే యంకెను వంచలేదు. వాయువు కొంత హెచ్చునకు కారణమని మాత్రమే చెప్పి యూరకుండిరి. ఈ నిగ్రహమే ఆయన నిజాయితీకి గుర్తని మా యభిప్రాయము.

1938వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన ఈ వ్యాసము లండనులోని రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ సభలో చదువబడెను. విన్నవారు సామాన్యులు కారు. వాతావరణశాఖాధ్యక్షులు సర్ జార్జి సింప్సనుగారు మాటలాడి, వాతావరణపు వేడిమిని కేవలము కిరణప్రసారముచేతనే లెక్కింపరాదనియు, గాలుల కదలిక యెంతో వేడిమిని చేరవేయుచుండుననియు, వాయువును వేడిమియు గూడ హెచ్చుట కాకతాళీయమై యుండవచ్చుననియు తలచిరి. ఆచార్య డేవిడ్ బ్రంటుగారు, పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధములో సైతము ఇట్టి మార్పులు వచ్చినట్లున్నవి గనుక ఇప్పటి హెచ్చులో విశేషమేమియు లేదనిరి. బ్రూక్సుగారు హెచ్చు నిజమేయని యొప్పుకొని, గాలుల త్రోవలు మాఱుటయే దానికి కారణమనిరి. కోస్టుగారు అందఱికన్న మూలమునకు పోయి, యాబదియేండ్లనాటి ధర్మామీటర్లను ఇంత సూక్ష్మముగా నమ్మవచ్చునా యని యడిగిరి.

ఇచ్చట నొక విచిత్రము గమనింపదగినది. క్యాలెండరుగారు ఆధారపడిన పట్టికలను కూర్చినవారిలో సింప్సనుగారు నొకరని పైని చెప్పియుంటిమి. అంకెలు శాఖవారివే, వానిని చేర్చి చూచిన కన్ను మాత్రము బయటివానిది. నూఱు సంచులలో నున్న ధాన్యమును ఎవరి సంచిని వారు తూచుకొనుచుండగా, అన్నిటిని కలిపి రాశిపోసి చూచినవాడు పొరుగూరివాడైనట్లయినది. అధికారుల నడుమ అనధికారికి కలుగు గౌరవ మెంతటిదో లోకానుభవము గలవారికి చెప్పనక్కఱలేదు. అయినను సభవారు వ్యాసమును త్రోసివేయలేదు. తమ యాక్షేపణలతో గూడ పత్రికలో ముద్రించిరి. ఇది వారి గొప్పతనము.

ఆ యాక్షేపణలను మేము తేలికగా చూడము. ధర్మామీటరును గూర్చిన ప్రశ్నకు గణితశాస్త్రమున సమాధానము గలదు. నూఱుమంది చూచిన నూఱు ధర్మామీటర్లలో కొన్ని హెచ్చుగాను కొన్ని తక్కువగాను తప్పిన యెడల, సగటు తీసినపుడు ఆ తప్పులు చాలవఱకు నొకదానినొకటి కొట్టివేసికొనును. భయపడవలసినది అన్నియు నొకేవైపునకు తప్పినపుడు మాత్రమే. కనుక తప్పున్నదా యనుటకన్న, ఆ తప్పు ఒకేవైపునకు మొగ్గుచున్నదా యనుటయే సరియైన ప్రశ్న. తరువాతి యెనుబదియేండ్ల పరిశ్రమ యంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది.

క్యాలెండరుగారు నిరుత్సాహపడలేదు. వాయువు వేడిమిని పీల్చుకొను విధమును గూర్చి 1941లో మఱియొక వ్యాసము వ్రాసిరి. అంతలో రెండవ యుద్ధము వచ్చినది. ఆంగ్లదేశపు విమానాశ్రయములపై పొగమంచు క్రమ్మి, దాడులనుండి తిరిగివచ్చు విమానములు దిగలేక కూలుచుండెను. దిగు బాటకు ఇరుప్రక్కల గొట్టములు పఱచి పెట్రోలును మండించి, గాలిని వేడిచేసి మంచును విడదీయు పథకమునకు క్యాలెండరుగారు తోడ్పడిరి. ఆ మంటల వెలుగులో సుమారు 2,500 విమానములు క్షేమముగా దిగినవని చెప్పుదురు. నూనెను కాల్చుటచే లోకమే వేడెక్కుచున్నదని చెప్పిన మనుష్యుడు, నూనెను కాల్చి విమానాశ్రయమును వేడెక్కించి ప్రాణములు కాపాడుట విధివిలాసము.

యుద్ధానంతరము ఆయన సస్సెక్సు మండలములోని హోర్షామ్ పట్టణమున నివసించుచు వాయువు లెక్కను మరల చేపట్టిరి. పందొమ్మిదవ శతాబ్దములో రసాయనశాస్త్రజ్ఞులు కొలిచిన యంకెలు పలువిధములుగా నుండెను. వానిలో పట్టణముల గాలిలో తీసినవానిని, విధానము సరికానివానిని విడిచి, మిగిలినవానినిబట్టి ఆ శతాబ్దాంతమున గాలిలో దశలక్షకు 290 భాగములు ఈ వాయువుండెనని ఆయన నిర్ణయించిరి. తనకు నచ్చినవానిని ఏఱుకొనెనని ఆయనపై నింద గలదు. ఈ నింద న్యాయమైనదా యనునది చిరకాలము తేలలేదు. ఆయన గతించిన పిదప దక్షిణధ్రువపు మంచుగడ్డలలో చిక్కుకొనియున్న పూర్వకాలపు గాలిబుడగలను తీసి కొలిచిరి. 1900 ప్రాంతమున దశలక్షకు ఇంచుమించు 295 భాగములని ఆ మంచు సాక్ష్యమిచ్చినది. ఏఱుట పక్షపాతముచేత కాక, వివేకముచేత జరిగినదని తేలినది. ఇక 1958లో చార్లెస్ కీలింగుగారు హవాయి దీవిలోని మౌనా లోవా కొండపై నిత్యము కొలుచుట యారంభించిన పిదప, వాయువు హెచ్చుచున్నదా యను వివాదమే ముగిసినది. 2024లో ఆ కొలత 420ని దాటియుండెను.

అయితే క్యాలెండరుగారి చివరి సంవత్సరములు సంతోషముగా గడవలేదు. 1940వ దశకమునుండి లోకపు వేడిమి హెచ్చుట నిలిచినది. కొన్నిచోట్ల తగ్గెను గూడ. 1961లో మఱిన్ని స్థానములను చేర్చి ఆయన తన లెక్కను తిరిగి వ్రాసి ప్రకటించిరి. మఱుసటి యేటి శీతకాలము, అనగా 1962-63, ఆంగ్లదేశములో మిక్కిలి కఠోరమైనది. తన జీవితకాలపు లెక్క తన కండ్లయెదుటనే మంచులో కప్పబడినట్లు ఆయనకు తోచియుండిన ఆశ్చర్యము లేదు. వాయువు సిద్ధాంతము లోకమునకు ఏల రుచింపలేదో కారణములు వెదకి వ్రాసికొనిరి. 1964 అక్టోబరు మాసములో హోర్షామ్‌లో పరమపదించిరి. కర్మాగారముల పొగలోని గంధకపు రేణువులు సూర్యరశ్మిని కొంత వెనుకకు మఱల్చుట ఆ నిలుపుదలకు ముఖ్యకారణములలో నొకటియని తరువాత తెలిసినది. 1970వ దశకము చివరినుండి వేడిమి మరల హెచ్చసాగినది.

వేడిమి హెచ్చిన కొలది వివాదమును హెచ్చినది. లెక్కలో దోషములున్న మాట నిజము. వానిని దాచుటవలన మేలు లేదు. భారతదేశములో పూర్వము ధర్మామీటర్లను తాటాకు వంటివాటితో కప్పిన పందిళ్లక్రింద నుంచెడివారు; పిమ్మట సందులుగల చెక్కపెట్టెలలో నుంచిరి. నీడ మాఱినపుడు పట్టిక మాఱును. అమెరికాలో పూర్వము సాయంకాలము చూచు ధర్మామీటరును పిమ్మట ఉదయమున చూడసాగిరి. వేసవిసాయంకాలము వేడిగానున్నపుడే సాధనమును తిరిగి అమర్చినచో, ఆ వేడిమియే మఱునాటి లెక్కలోను చేరి రెండుమాఱులు లెక్కింపబడును. ఉదయమున చూచినచో ఈ దోషము తొలగును. సముద్రముపై పూర్వపు నావికులు గుడ్డబొక్కెనతో నీరుతోడి కొలిచెడివారు. బొక్కెన తడి ఆఱుటచేత నీరు చల్లబడెడిది. తరువాతి యోడలలో యంత్రమునకు పోవు నీటినే కొలిచిరి. అది కొంచెము వేడిగా నుండును. ఇట్టి మార్పులను దిద్దనిచో లెక్క తప్పును.

దిద్దుట యను మాట వినగానే కొందఱు, అంకెలను కావలసినట్లు మార్చుచున్నారని యనుమానించిరి. ఆ యనుమానమునకు సమాధానము అంకెలలోనే గలదు. భూభాగముల లెక్కలో దిద్దుబాటువలన హెచ్చు కొంత పెరిగినది. కాని సముద్రముల లెక్కలో బొక్కెనల దోషమును దిద్దుటవలన పూర్వపు వేడిమి పైకి పోయి, మొత్తము హెచ్చు తగ్గినది. భూమిలో సముద్రమే యెక్కువ భాగము గనుక, రెండును కలిపి చూచినచో దిద్దిన లెక్కలోని హెచ్చు దిద్దని లెక్కలోని హెచ్చుకన్న తక్కువ. మోసము చేయదలచినవాడు తనకు నష్టము వచ్చునట్లు కుంచమును దిద్దుకొనునా?

2009లో ఆంగ్లదేశపు ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయములోని శాస్త్రజ్ఞుల యుత్తరములు దొంగిలింపబడి బయటికి వచ్చినపుడు పెద్ద కలకలము లేచెను. విచారణసంఘములు కూర్చుండి, మోసము జరుగలేదని తేల్చినవి. కాని అడిగినవారికి లెక్కలను చూపుటలో వారు తగినంత దాపరికము లేక ప్రవర్తింపలేదని మందలించినవి. ఈ మందలింపు తగినదే. లెక్క ప్రజలదైనపుడు పద్దుపుస్తకము తెఱచియుండవలెను. అదే కాలమున అమెరికాలో భౌతికశాస్త్రజ్ఞులైన రిచర్డ్ ముల్లరుగారు, పాతలెక్కలు నమ్మదగినవి కావేమోయను శంకతోడనే, ముప్పదియైదువేలకు పైగా స్థానముల యంకెలను క్రొత్తగా లెక్కించిరి. ఊరి వేడిమిని వేఱుచేసి చూచిరి. 2011, 2012 సంవత్సరములలో ప్రకటించిన ఫలితము పాతవారి ఫలితముతో సరిపోయినది. ముల్లరుగారు తన యభిప్రాయమును మార్చుకొన్నట్లు బహిరంగముగా నొప్పుకొనిరి. శంకించువాని ధర్మమెట్టిదో తెలిసికొనగోరువారు ఈయన నడత చూడవలెను.

2013లో, క్యాలెండరుగారి వ్యాసమునకు 75 సంవత్సరములు నిండినపుడు, ఎడ్ హాకిన్సు, ఫిల్ జోన్సు అను శాస్త్రజ్ఞులు ఆయన గీసిన రేఖను నేటి గణకయంత్రములు గీసిన రేఖ ప్రక్క నుంచి చూచిరి. ఒంటికంటి చూపుతో, కలముతో, తీరికవేళల 147 స్థానములనుండి లాగిన రేఖ, వేలకొలది స్థానములనుండి వచ్చిన రేఖకు ఆశ్చర్యము కలుగునంత దగ్గఱగా నుండెను. యాబదియేండ్లనాటి ధర్మామీటర్లను నమ్మవచ్చునా యని 1938లో వచ్చిన ప్రశ్నకు ఇంతకన్న స్పష్టమైన సమాధాన మక్కఱలేదు. 2024వ సంవత్సరము, కర్మాగారముల కాలమునకు ముందటి సగటుకన్న సుమారు 1.55 డిగ్రీలు హెచ్చుగా నుండెనని ప్రపంచ వాతావరణసంస్థవారు ప్రకటించిరి. యాబదియేండ్లకు 0.3 డిగ్రీల హెచ్చును చూచి ఆశ్చర్యపడిన కాలము ఎంతో వెనుకబడినది.

క్యాలెండరుగారిని దేవునిగా చేయుట మా యుద్దేశము కాదు. ఆయన లెక్కలో ధ్రువప్రాంతములు, మహాసముద్రములు చాలవఱకు చేరలేదు. గాలిలో నిలుచు వాయువు నాలుగింట మూడువంతులని ఆయన తలచిరి. నిజముగా నిలుచునది సగముకన్న తక్కువ. భవిష్యత్తులో మనుష్యులు ఇంత బొగ్గును, నూనెను కాల్చుదురని ఆయన యూహింపలేదు. అన్నిటికన్న పెద్ద పొరపాటు, ఈ వేడిమి మేలునకేయని తలచుట. ఉత్తరదేశములలో సాగుభూమి విస్తరించుననియు, మంచుయుగము మరల రాకుండ నిలుచుననియు ఆయన సంతోషించిరి. చలిదేశపు మనుష్యునకు వేడిమి వరముగా తోచుట సహజము. రోహిణికార్తె యెండలో నడచువానికి అట్లు తోచదు. ఆయన కొలత నిలిచినది. ఆయన తీర్పు నిలువలేదు. కొలతకును తీర్పునకును గల భేదమిదియే.

కొలతలను కాపాడుట తెలుగువారికి క్రొత్త కాదు. మద్రాసు వేధశాలలో 1796 మొదలు వేడిమి లెక్కలు వ్రాయబడినవి. విశాఖపట్టణములో జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తన సొంత ధనముతో వేధశాల నిర్మించిరి. ఆయన గతించిన పిదప అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడిపిరి. అక్కడ నక్షత్రములతో పాటు గాలియు, వానయు, వేడిమియు గూడ లెక్కలోనికి ఎక్కినవి. జీతమునకు కాక జిజ్ఞాసచే కొలిచిన ఇట్టివారి వంశములోనివారే క్యాలెండరుగారును. వాన కొలతను, బావిలోని నీటిమట్టమును, పంట కోసిన దినమును ఏటేట తప్పక వ్రాసియుంచు రైతు ఇంటనుండు పుస్తకమొకటి, ముందుతరముల వివాదములలో నూఱు వాదములకన్న విలువైన సాక్ష్యము కాగలదు.

సందేహించు హక్కు అందఱకు గలదు. కాని సందేహమును పరీక్షింపక మోసికొని తిరుగు హక్కు ఎవ్వరికిని లేదు. ఊరి వేడిమియేమోయన్న శంక వచ్చినపుడు క్యాలెండరుగారు ఊళ్లను ఒకప్రక్క, దీవులను ఒకప్రక్క బెట్టి చూచిరి. చూచినదానిని చూచినట్లు చెప్పిరి. అధికారులు పెదవి విఱిచినను ఇరువదియాఱేండ్లు మరల మరల లెక్కించిరి. కుంచము పలుమాఱులు పలువురి చేతిలో సరిచూడబడినది. దాని తప్పులు దిద్దబడినవి. ఇక మిగిలినది కొలిచిన ధాన్యముతో నేమిచేయవలెనను ప్రశ్న. దానిని కుంచముపైనున్న శంక చాటున దాచుట ధర్మము కాదని మా మనవి.